ఎడమ పక్క అరిగిన టైరు

నా దగ్గరికి వచ్చే ప్రతివాడూ మొదట అనే మాట ఒకటే. "గట్టి టైరేదైనా ఉంటే వెయ్యి." గట్టిది అంటే ఏమిటి బాబూ అని తిరిగి అడిగితే మొహం చిట్లిస్తారు. ముల్లు దిగకూడదా, పైనున్న గుబ్బలు అరగకూడదా, పక్కగోడ తెగకూడదా, తడి రాయి మీద జారకూడదా? ఈ నాలుగూ ఒక్క టైరులో దొరకవు. గట్టి రబ్బరు అరగదు కాని జారుతుంది. మెత్తది రాయిని పట్టుకుంటుంది కాని ఏడాది తిరక్కుండా బోడిగుండు అవుతుంది. ఇరవై ఆరేళ్ళుగా చెప్పిందే చెప్పి నా నోరు అరిగిపోయింది. దర్జీ కొట్టుకీ మూసేసిన ఫొటో స్టూడియోకీ మధ్య ఇరుక్కున్న ఈ ఎనిమిదడుగుల సైకిలు షాపులో కూర్చుని, ఏ మనిషికి ఏ టైరు వెయ్యాలో నాకు తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదని నమ్మాను. నమ్మకం అని మర్యాదకి అంటున్నాను. దాని అసలు పేరు పొగరు.

ఆ పొగరు ఎలా దిగిందో చెప్పాలంటే మా వదిన సంగతి చెప్పాలి.

మా వదినది క్లినిక్‌లో మందులు మోసే ఉద్యోగం. క్లినిక్ కింద ఉంది. కొండ మీద రాళ్ళు కొట్టేవాళ్ళ ఇళ్ళు ఓ నలభై ఉన్నాయి. మధ్య ఏడు కిలోమీటర్ల దారి. దాన్ని దారి అనటం కూడా మన మంచితనమే. జీపు పట్టదు. మోటారు సైకిళ్ళ మీద వెళ్ళిన ఇద్దరు లోయవైపు జారి చేతులు విరగ్గొట్టుకున్నాక క్లినిక్ వాళ్ళు వాటికి దండం పెట్టేశారు. ఇక గేర్ల సైకిలే గతి. మంగళవారం, శుక్రవారం పొద్దున్నే ఏడింటికి వదిన మందుల సంచీ వీపుకి తగిలించుకుని, వెనక క్యారియరు మీద ఐసుపెట్టె కట్టుకుని బయల్దేరుతుంది. పైన మందులిచ్చి, అక్కడి నర్సు తీసి ఉంచిన రక్తం సీసాలు పెట్టెలో సర్దుకుని దిగుతుంది. సరిగ్గా ఒంటిగంటకి పెద్దాసుపత్రి వ్యాను వచ్చి ఆ సీసాలు పట్టుకుపోతుంది. వ్యాను తప్పితే ఆ రక్తం పారబొయ్యటమే. ఆ మనుషులకే మళ్ళీ సూది గుచ్చాలి. పైన ఒక ముసలావిడకి నరం దొరకదట, నాలుగు చోట్ల పొడిస్తే గాని చుక్క రాదట. వ్యాను తప్పిన రోజు వదిన అన్నం ముందు కూర్చుని ఆ ముసలావిడ చేతుల గురించే మాట్లాడుతుంది.

పంతొమ్మిదేళ్ళుగా ఇదే పని. ఈ సంగతి మొదలయ్యేనాటికి వయసు యాభై ఎనిమిదీ పది నెలలు. అరవై నిండేదాకా, అంటే ఇంకో పద్నాలుగు నెలలు, ఈ దారి ఆవిడ చేతిలో ఉంటే పింఛనుతో ఇంట్లో కూర్చోవచ్చు. దారి పోతే ఉద్యోగం పోయినట్టే. ఆవిణ్ణి పెట్టుకున్నదే ఆ దారి కోసం. మా అన్నయ్య పోయి తొమ్మిదేళ్ళయింది. ఆవిడ ఇల్లూ మా ఇల్లూ పక్కపక్కనే, పెరడు ఒకటే.

ఆవిడకి సైకిలు నేర్పింది నేనే. అప్పుడు నాకు పదమూడు, కొత్తకోడలిగా వచ్చిన ఆవిడకి ఇరవై. సీటు పట్టుకుని వెనక పరిగెడుతూ, "పట్టుకున్నా వదినా, పట్టుకున్నా" అంటూ చెప్పకుండా వదిలేశాను. యాభై గజాలు చక్కగా వెళ్ళి, వెనక్కి తిరిగి చూసి పడింది. మోచెయ్యి గీరుకుపోయింది. సైకిలైతే వచ్చేసింది కాని ముప్పై ఎనిమిదేళ్ళయినా ఆ మాట మాత్రం పోలేదు. ఇంట్లో నేను ఎవరికి ఏ హామీ ఇచ్చినా, "పట్టుకుంటానని వదిలేసే మనిషి, కాస్త చూసుకోండి" అంటుంది.

కిందటేడాది మొదట్లో ఆవిడ టైర్లు తెగటం మొదలైంది. ఆ కొండ రాయి పలకలుగా విరుగుతుంది. ముల్లయితే గుబ్బల మధ్య దిగుతుంది, అతుకు వేస్తే పోతుంది. ఈ రాయి పక్కనించి వచ్చి టైరు పక్కగోడని బ్లేడుతో కోసినట్టు కోస్తుంది. అక్కడ అతుకు నిలవదు. ఒక్క నెలలో మూడు టైర్లు పోయాయి. రెండుసార్లు వ్యాను తప్పింది. క్లినిక్ పెద్దాయన రెండుసార్లూ ఆ సంగతి రాసుకున్నాడు. ఆయన్ని అందరూ రిజిస్టరుగారు అంటారు, ఎందుకంటే "నమస్కారం" అన్నా ముందు రిజిస్టరు తెరిచి చూస్తాడు.

ఒక సోమవారం మధ్యాహ్నం వదిన షాపుకొచ్చి స్టూలు మీద కూలబడింది.

"ఏం మరిదీ, తెగని టైరుందా నీ దగ్గర?"

"తెగని టైరూ, అలగని ఆడపడుచూ లోకంలో ఉండరు వదినా."

"నీ హాస్యాలు తర్వాత. ఇంకోసారి వ్యాను తప్పితే దారి బయటివాళ్ళకి ఇచ్చేస్తానన్నాడు రిజిస్టరు. పంతొమ్మిదేళ్ళు మోసి పద్నాలుగు నెలల దగ్గర దించేస్తాడట."

నేను పనిలో పడ్డాను. నాకు ప్రశ్నలంటే ఇష్టం. రాళ్ళు వదులుగా దొర్లుతాయా, పాతుకుని ఉంటాయా? పిడికిలంతా, తలకాయంతా? నీడలో నాచు ఉందా? మలుపుల్లో ఇసక ఉందా? తెగింది ముందు టైరా, వెనకదా? వెనకదే ఎక్కువ అంది. దిగేటప్పుడా, ఎక్కేటప్పుడా? దిగేటప్పుడే అంది. నేను అట్టముక్క మీద దారి గీసి, ఒక్కో మలుపు దగ్గరా ఆవిడ చేత చెప్పించాను. ఆవిడ కుడికాలు బారుగా చాపుకుని, కళ్ళు మూసుకుని జవాబులిచ్చింది. "కాస్త కాలు తీస్తావా వదినా, పంపు అందటం లేదు" అన్నాను. రెండు చేతులతో పట్టుకుని కాలు పక్కకి పెట్టుకుంది. అది నా కళ్ళ ముందే జరిగింది. నేను పంపు తీసుకున్నాను.

నా దగ్గరున్న వాటిలో అన్నిటికన్నా మొండి టైరు తీశాను. రెండు పొరల బట్ట, పక్కగోడ లోపల ఇంకో రబ్బరు పట్టీ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య పెట్టి నొక్కితే చెప్పు అట్టలా ఎదురు తిరుగుతుంది. కొండల మీదనించి సైకిళ్ళతో బండల్లో దూకే కుర్రాళ్ళు వేసుకునే రకం. పాత టైరు ముప్పావు కిలో ఉంటే ఇది కిలోంపావు. రెండు చక్రాలకీ కలిపి కిలో బరువు పెరుగుతుంది. ఆ లెక్క నాకు తెలుసు. చక్రం అంచున చేరిన బరువు సంచిలో వేసుకున్న బరువులాంటిది కాదు, తొక్కిన ప్రతిసారీ దాన్ని కొత్తగా లేపాలి. అదీ తెలుసు. కాని నాకు ఆ రోజు రాళ్ళే కనిపించాయి. బొటనవేలి కీలు లాగేస్తున్నా రెండూ ఎక్కించి, "ఈ టైరు తెగితే నా చెవి కోసుకో" అన్నాను.

"నీ చెవి నాకెందుకు, పకోడీ వేసుకోనా?" అని సైకిలు నడిపించుకుంటూ వెళ్ళిపోయింది. ఎక్కి వెళ్ళలేదు. రోడ్డు మీద రద్దీ అనుకున్నాను.

మంగళవారం ఎలాగో వ్యాను అందింది. శుక్రవారం తప్పింది. టైరు మీద గీత కూడా పడలేదు, ఆవిడ మాత్రం ఒంటిగంటన్నరకి దిగింది.

శనివారం పొద్దున్నే రిజిస్టరుగారు నన్ను పిలిపించాడు. క్లినిక్ సైకిళ్ళు పదకొండూ నావే, అంటే బాగుచేసేది నేనే. నెలకోసారి ఒక్కో సైకిలూ చూసి చీటీ రాసిస్తాను, సైకిలులో లోపం ఉందా లేదా అని. ఇన్నేళ్ళలో ఒక్క చీటీ కూడా మొహమాటానికి రాయలేదు. అది ఆయనకీ తెలుసు.

రిజిస్టరు తెరిచాడు. "మొదటి రెండుసార్లూ టైరు తెగిందన్నారు. సరే, వాహనం లోపం, మనిషి మీద వెయ్యకూడదు, రూలుంది. మూడోసారి టైరు తెగలేదు. చెయినూ తెగలేదు. మరి ఆలస్యం ఎందుకైంది?"

నేను చెయినూ బ్రేకులూ గేర్లూ మనసులో ఒక్కొక్కటే తడిమి చూసుకున్నాను.

"సోమవారం లోపల రాసివ్వండి. లోపం సైకిలుదైతే సైకిలుదని, మనిషిదైతే మనిషిదని. ఆవిడ మీ వదినగారని తెలుసు. పిల్లికి ఎలుక సాక్ష్యం కాకూడదు. ఇన్నేళ్ళూ మీ చీటీ నమ్మాను."

బయటికొచ్చాక అర్థమైంది నేను చేసిన ఘనకార్యం. టైరు తెగినన్నాళ్ళూ ఆవిడకి ఒక సాకు ఉండేది. నేను తెగని టైరు వేసి ఆ సాకు కూడా లాగేసుకున్నాను. కంచే చేను మేసినట్టయింది.

షాపుకొచ్చి కోపంతో పాత టైర్లు కొక్కెం మీదనించి లాగాను. నేను తెగిన టైర్లు పారెయ్యను. ముక్కలు కోసి ఇంకో టైరుకి లోపల అతుకు వెయ్యటానికి పనికొస్తాయి. ఒకటి ఒళ్ళో వేసుకుని కత్తి పెట్టబోతూ ఆగాను. ఎడమ అంచున ఉన్న గుబ్బలు సగానికి అరిగి ఉన్నాయి. కుడి అంచువి కొత్తవాటిలా ఉన్నాయి. మధ్యవి కూడా పెద్దగా అరగలేదు. రెండోది తీశాను. అదీ అంతే. మూడోది కొన్ని వారాలే తిరిగింది, అయినా అరిగినంత మేరా ఎడమ పక్కే.

తొక్కే మనిషి టైరు మధ్యలో అరుగుతుంది. మలుపుల్లో వాలితే రెండు పక్కలా అరుగుతుంది. ఒక్క ఎడమ పక్కే ఎప్పుడు అరుగుతుంది? మనిషి ఎడమవైపు నిలబడి, సైకిలుని తన మీదకి కాస్త వాల్చుకుని, నెట్టుకుంటూ నడిస్తే అరుగుతుంది. ఏడు కిలోమీటర్లు, వారానికి రెండుసార్లు, నెలల తరబడి. ఆ టైర్లు నెల రోజులుగా నా నెత్తి మీద వేలాడుతున్నాయి. నేను తెగిన చోటే చూశాను. అరిగిన చోటు చూడలేదు.

భోజనానికి ఇంటికెళ్ళి మా ఆవిణ్ణి అడిగాను. ఆవిడ వింతేమీ కానట్టు చూసింది.

"ఎనిమిది నెలలుగా అక్క మోకాలికి గుడ్డ చుట్టుకునే వెళ్తోంది. ఈ ఇంట్లో మీకు తప్ప గోడలక్కూడా తెలుసు."

"నాకెందుకు చెప్పలేదు?"

"అక్క వద్దంది. అయినా రాళ్ళ గురించి అన్ని ప్రశ్నలడిగారట కదా. కాళ్ళ గురించి ఒక్కటడిగారా?"

కంచం ముందునించి లేచాను. పెరట్లోకి వెళ్ళాను. వదిన గట్టు మీద కూర్చుని మోకాలికి నూనె రాసుకుంటోంది. నన్ను చూసి చీర కిందకి లాక్కుంది.

"టైర్లు చూశాను వదినా. పాతవి."

ఆవిడ ఏమీ బుకాయించలేదు. "ఎక్కటం నా వల్ల కావటం లేదురా" అంది. ముప్పై ఎనిమిదేళ్ళలో ఆవిడ నన్ను 'రా' అన్నది రెండుసార్లే, అన్నయ్య పోయిన రోజు ఒకసారి, ఇది రెండోది. "పెద్ద చడావు వస్తే కుడి మోకాల్లో ఎవరో మేకు దింపినట్టుంటుంది. అందుకని నెట్టుకుంటూ పోతా. అక్కడ గంట పోతుంది. ఆ గంట దిగేటప్పుడు తెచ్చుకోవాలి కదా. బ్రేకు వదిలేస్తా."

"బ్రేకు వదిలేసి సైకిలుని రాళ్ళ మీద పడేస్తున్నావు, అందుకే పక్కలు తెగుతున్నాయి. నేనేమో రాళ్ళని తిడుతున్నాను. లోయలోకి పోయుంటే?"

"పోలేదుగా."

"నాకు చెబితే ఏమైపోతుంది?"

"నీకు చెబితే చీటీ మీద నిజం రాస్తావు. మొండిఘటానివి. నువ్వు పట్టిన కుందేటికి మూడే కాళ్ళు. నీ సంతకం పోగొట్టుకోమని నేనెలా అడగనూ?"

నాకు ఏడుపొచ్చింది. ఏడవటం చేతకాక అరిచాను. సొంత మరిది దగ్గర దాచుకోవలసిన ఖర్మ ఏం పట్టిందని అరిచాను. ఆవిడ విని, అరుపు అయిపోయాక, "వెళ్ళి అన్నం తిను" అంది. నిజానికి నాకు ఆవిడ మీద కోపం లేదు. కాలు తియ్యమన్న నా నోటి మీద కోపం.

ఆదివారమంతా చీటీ ముందు పెట్టుకుని కూర్చున్నాను. సైకిలుకి లోపం లేదు, అలా రాస్తే మనిషి పోతుంది. సైకిలుకి లోపం ఉందని రాస్తే అబద్ధం, నా వల్ల కాదు. సాయంత్రం టీ తాగుతుంటే మూడో మాట ఒకటి ఉందని తట్టింది. అది నిజమే. సోమవారం రాసి పట్టుకెళ్ళాను.

"సైకిలు సవ్యంగా ఉంది. టైర్లు ఎంచింది నేను. ఆ దారికీ, ఆ మనిషికీ తగని బరువు టైర్లు ఎంచాను. ఆలస్యానికి కారణం నా ఎంపిక."

రిజిస్టరుగారు రెండుసార్లు చదివాడు. "ఇలా రాసిస్తే ఏమవుతుందో తెలుసా? తప్పు చేశానని ఒప్పుకున్న షాపుకి క్లినిక్ సైకిళ్ళు ఇవ్వటానికి వీల్లేదు. బస్టాండు దగ్గర షాపుకి ఇచ్చెయ్యాలి."

"ఇచ్చెయ్యండి."

"ఇరవై ఆరేళ్ళ పని."

"ఇరవై ఆరేళ్ళ పనిలో తప్పేనండీ అది. చిన్నదేం కాదు."

ఆయన కలం తీసి, శుక్రవారం గడిలో 'వాహనం' అని రాసుకున్నాడు. వదిన ఏడింటికి బదులు ఆరింటికి బయల్దేరతానని అర్జీ పెడితే దానిమీద కూడా సంతకం పెట్టాడు. నిజం రాశానా అంటే రాశాను. మొత్తం రాశానా అంటే రాయలేదు. ఆ బరువు నాదే.

సైకిళ్ళు అప్పగించే ముందు వదినది ఒక్కటి మాత్రం నా చేత్తో సరిచేశాను. ఈసారి కాళ్ళ దగ్గర మొదలుపెట్టాను. ఎన్ని మెట్లెక్కితే నొప్పి, ఏ వంపు దాకా తొక్కగలదు, ఎక్కడ దిగుతుంది, ఎంతసేపు నిలబడగలదు. ముందు చక్రానికి తేలిక టైరు, కాస్త మెత్తది, రాయిని పట్టుకునేది. వెనక చక్రానికి ఒకే పొర బట్ట, పక్కగోడ మాత్రం దళసరిది. ట్యూబులు తీసేసి లోపల పాలలాంటి ద్రవం పోశాను, చిన్న చిన్న కోతలు పడితే అదే గడ్డకట్టి మూసుకుంటుంది. ఎక్కేటప్పుడు తొక్కు తేలికగా పడుతుందని ముందు పళ్ళచక్రం చిన్నది వేశాను. వెనక టైరు ఏడాది తిరక్కుండా అరుగుతుందని తెలుసు. అరగనీ. మనిషి అరక్కుండా ఉంటే చాలు. ఆరింటికి బయల్దేరి, తొక్కగలిగిన చోట తొక్కి, లేని చోట నెట్టుకుంటూ వెళ్ళి, బ్రేకు మీద చెయ్యి ఉంచి నింపాదిగా దిగటం మొదలుపెట్టింది. వ్యాను మళ్ళీ తప్పలేదు.

ఇంకొక్క భయం మిగిలింది. బస్టాండు మెకానిక్కు చేతకానివాడేం కాదు. నెలకోసారి చీటీ రాసేటప్పుడు టైరు చూస్తాడు. ఎడమ పక్క అరుగుదల నేను చదివినట్టే వాడూ చదవగలడు. అందుకని ప్రతి నెలా మధ్యలో ఒక ఆదివారం పెరట్లో సైకిలు తిరగేసి, రెండు టైర్లూ ఊడదీసి, ఎడమ అంచు కుడివైపుకి వచ్చేలా తిప్పి బిగించేవాణ్ణి. టైరు పక్కన చిన్న బాణం గుర్తు ఉంటుంది, చక్రం ఇటు తిరగాలి అని. బాణం చూడకుండా బిగించినవాళ్ళని నేను షాపులో నిలబెట్టి తిట్టేవాణ్ణి. ఇప్పుడు చూసి మరీ ఎదురు బిగించాను. లోపలి పాలు ఒలికి మోచేతుల దాకా అంటుకునేది. బొటనవేలు రెండు రోజులు వంగేది కాదు.

నెలాఖరుకి వాడు దాన్ని చూసి నవ్వేవాడట. "మీ మరిదికి బాణం గుర్తు కూడా తెలియదా అమ్మా? ఇన్నేళ్ళు ఎలా నెట్టుకొచ్చాడో" అని మళ్ళీ సరిగ్గా బిగించేవాడట. పదిహేను రోజులు వాడి బాణం, పదిహేను రోజులు నా బాణం. టైరు రెండు పక్కలా సమానంగా అరిగింది. ఊళ్ళో సైకిలు తొక్కే నలుగురికీ ఆ సంగతి పాకింది. పాపం, ముసలివాడికి కళ్ళు పోయాయి అన్నారు. యాభై రెండేళ్ళకి ముసలివాణ్ణయ్యాను. మంటగా ఉండేది. ఎవరికీ చెప్పుకోలేను.

"వాడేమన్నాడీసారి?" అని అడిగేవాణ్ణి వదినని.

"ఏమీ అనలేదు" అనేది. అన్నీ మా ఆవిడకి చెప్పేది, మా ఆవిడ నాకు చెప్పేది.

పద్నాలుగో నెల మధ్య ఆదివారం నేను పానాలు పట్టుకుని పెరట్లోకి వెళితే వదిన సైకిలుకి అడ్డం కూర్చుంది.

"ఈసారి తిప్పొద్దు. ఎల్లుండి మంగళవారం ఆఖరిసారి ఎక్కుతున్నా. నువ్వు కూడా రా."

షాపు మూసి వెళ్ళాను. పొద్దున్న ఆరింటికి బయల్దేరాం. చడావు మొదలైన చోట ఆవిడ దిగింది. ఎడమవైపు ఆవిడ హ్యాండిలు పట్టుకుంది, కుడివైపు నేను పట్టుకున్నాను. ఏడు కిలోమీటర్ల రాళ్ళు, అన్ని ప్రశ్నలు వేసి అట్ట మీద గీసిన రాళ్ళు, మొదటిసారి కాలితో తొక్కాను. మూడో మలుపు దగ్గర కాస్త ఆగుదామన్నది నేనే. ఆవిడ ఎనిమిది నెలలు నాకు చెప్పకుండా, ఇంకో పద్నాలుగు నెలలు చెప్పి, ఇక్కడ నడిచింది.

పైన ఆ ముసలావిడకి మందులిచ్చి, సీసాలు సర్దుకుని, దిగటానికి వచ్చాం. ఇళ్ళు దాటాక నూరు గజాలు చదునుగా ఉంటుంది. వదిన అక్కడ ఆగి, సైకిలు ఎక్కి, ఒక కాలు నేల మీద ఆనించింది. మోకాలు బిగుసుకుపోయిందట, మొదటి తొక్కు పడటం లేదంది.

"సీటు పట్టుకో" అంది.

పట్టుకున్నాను. ఆవిడ నెమ్మదిగా రెండో కాలు కూడా ఎత్తింది. నేను వెనక నడిచాను, పరిగెత్తే ఓపిక ఇద్దరికీ లేదు.

"పట్టుకున్నా వదినా" అన్నాను.

ఆవిడ వెనక్కి తిరగలేదు.

"తెలుసు. ఈసారి చెప్పి వదులు" అంది.

చదును అయిపోయేదాకా పట్టుకునే ఉన్నాను. అక్కడ చెప్పి వదిలాను.